గుప్పిట్లో వెండి చేప

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, సముద్రపు ఒడ్డున గాలానికి కట్టడానికి కొన్న ఎర బొమ్మల డబ్బా తెరిచాను. పక్కనున్నాయన వంగి చూశాడు.

"ఏ బీచ్‌కి పోతున్నవన్నా? ఒక్కనివేనా?"

ఇన్ని ఆరాలెందుకని అనుమానమొచ్చింది. "నావి కావండి, స్నేహితుడివి," అని అబద్ధమాడాను.

అతను చటుక్కున వెండిరంగు చేపబొమ్మ తీసి గుప్పిట మూశాడు. దొంగే అనుకుని చెయ్యి పట్టుకున్నాను. అతను నవ్వి, వేళ్ల సందులోంచి చూడమన్నాడు.

"చీకట్ల మెరుస్తున్నదా? గిది ఎండల పనికొస్తది. తెల్లారకముందైతే నల్లది కట్టమను నీ దోస్తును. పైన ఆకాశానికి అడ్డంగ నీడ లెక్క కనవడ్తది చేపకు."

పంజాగుట్టలో బొమ్మ నా చేతిలో పెట్టి దిగిపోయాడు.

ఆ ఆదివారం సూర్యుడు రాకముందే డబ్బాలోని నల్లదానికి పెద్ద పండుగప్ప చేప పడింది. ఫొటో తీశాక, పంపుదామంటే అతని పేరైనా అడగలేదని గుర్తొచ్చింది.