అమ్మ అడగని పైసలు

ఈరోజు నేను డిగ్రీ పాసయ్యాను! మా ఇంట్లో మొదటి డిగ్రీ ఇదే. పుప్పాలగూడలో తెలిసినవాళ్లందరికీ చెప్పి వస్తుంటే, పక్కింట్లో సకినాలు వేయిస్తున్న వాము వాసనకి కాళ్లు ఆగిపోయాయి.

అప్పుడు నేను ఏడో తరగతి. మాదాపూర్‌లో కంపెనీల భవనాలు కొత్తగా లేస్తున్న రోజులు. అమ్మ అక్కడ ఇసుక మోసేది. మా బడిలో ఎనిమిదో తరగతి గదికి గోడలున్నాయి కానీ కప్పు లేదు. కప్పు పడకపోతే నా చదువు అక్కడితో సరి. అందుకే తల్లిదండ్రులు, పాత విద్యార్థులు కలిసి ఒక ఆదివారం బడిలో తిండి దుకాణాలు పెట్టారు. అమ్మ సకినాలు చేసింది.

వచ్చినవాళ్లందరికీ ఆకులో పెట్టి ఇస్తోంది, పైసలు మాత్రం అడగదు. గంప ఖాళీ అవుతుంటే నాకు కాలు నిలవలేదు.

"అమ్మా, పైసలడుగే!"

"తినేటోళ్లను పైసలడుగుతరానే? నాతోని కాదు."

దుకాణాలు చూసుకుంటున్న పాత విద్యార్థి రమేశన్నను చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

"గిట్ల పంచితే కప్పు ఎట్ల పడ్తదమ్మా?" అని నవ్వి, చందా డబ్బా తెచ్చి మంచినీళ్ల కుండ పక్కన పెట్టాడు. తిన్నవాళ్లు నీళ్లకు వచ్చి డబ్బాలో నోట్లు వేశారు. అమ్మ అటు చూడనేలేదు.

అమ్మకు బేరం చేతకాదని ఆరోజు ఏడ్చాను. ఆమె చేతి తిండి తిన్నాక ఊరికే వెళ్లడానికి ఎవరికీ మనసొప్పలేదని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ ఎండాకాలంలోనే రేకులు పడ్డాయి. ఎనిమిదో తరగతి మొదటిరోజే వాన. ఆ చప్పుడుకి సార్ చెప్పింది ఒక్క ముక్కా వినపడలేదు. అయినా ఒక్కరమూ కదల్లేదు.