మా గుంట మద్రాసు వెళ్ళినప్పుడు

మొన్న మనవరాలి దగ్గర నుంచి ఉత్తరం వస్తే అలవాటు ప్రకారం కింద నుంచి మొదలుపెట్టాను. ముందు సంతకం, దాని మీద "అందరం కులాసా" అన్న ముక్క, ఆ తర్వాతే పైకి. మా కోడలు చూసి నవ్వింది. "లోకమంతా మీదనుంచి సదూతాది, నువ్వేటత్తా కిందనుంచి?" అంది. నవ్వనీ. నేను అక్షరాలు దిద్దిందే నలభై దాటాక, ఈ మనవరాలి పలక మీద. అంత ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని ఎటునుంచి చదవాలో నా ఇష్టం. పైగా దీనికి కారణం ఒక గుర్రం.

యుద్ధం అయిపోయిన కొత్తలో నేను ఆమదాలవలస కోడలినై వచ్చాను. మా మావది ధాన్యం వ్యాపారం. మనిషి నోరు పెద్దది, గుండె మెత్తన. ఎవరో జమీందారు గుర్రాలసాల ఎత్తేస్తుంటే, ఎవరికీ అక్కర్లేని బక్క పిల్లనొకదాన్ని తెచ్చి పెరట్లో కట్టాడు. మా వైపు ఆడపిల్లను గుంట అంటాం. దానికీ ఆ పేరే పెట్టాడు. గంజి, ఉడకేసిన ఉలవలు, చివర్లో బెల్లం ముక్క, పెట్టేది నేను. కాపురానికొచ్చిన కొత్తలో ఆ ఇంట్లో నన్ను కసరని ప్రాణి అదొక్కటే అని రాస్తే మా అత్త ఆత్మ ఏమనుకుంటుందో గాని, నిజం నిజమే.

బక్క పిల్ల మూడేళ్ళకు నిగనిగలాడే గుర్రమైంది. శ్రీముఖలింగం దగ్గర వంశధార ఇసకలో జట్కా గుర్రాలన్నిటినీ వెనకేసి పరిగెత్తింది. అది చూసిన ఒకాయన, మద్రాసు పందేల సంగతి తెలిసినవాడు, "దీన్ని ఇక్కడ ఉంచి పాడుచేయకండి. మద్రాసులో తర్ఫీదు ఇచ్చేవాళ్ళున్నారు, పంపండి" అన్నాడు. ఆ రోజు నుంచి మా మావకు నిద్ర లేదు. పంపితే గుర్రానికి పేరొస్తుంది. పంపితే దాని మంచీ చెడ్డా చూసేదెవరు? ఎవరినీ నమ్మక, ముందు తనే రైలెక్కి వెళ్ళి ఆ సాల చూసి వచ్చాడు.

"అన్నీ బాగున్నాయి గాని, పాక ముందర ఓ గొయ్యున్నాది. వానకి నీళ్ళు నిలిసిపోతన్నాయి. దాన్లో కాలెట్టి మడతేసుకుంటే మరేటి? కప్పించండి బాబూ అని సెప్పొచ్చినాను. కప్పుతారో లేదో!"

ఆ గొయ్యి నెల్లాళ్ళు మా ఇంట్లో అన్నంలో రాయిలా తగులుతూనే ఉంది. చివరికి ఒకరోజు మద్రాసు నుంచి గుర్రపు మనిషి వచ్చాడు. స్టేషన్లో గుర్రాన్ని పెట్టెలోకి ఎక్కిస్తుంటే మా మావ వాడి చెయ్యి పట్టుకుని వదలడే! ఉలవలు చల్లార్చి పెట్టాలి, కొరడా చూపించకూడదు, గుంటా అని పిలిస్తేనే వస్తుంది, వేరే పేరు పెడితే పలకదు. "జొరమొస్తే దాని పక్కన ఎవుడు కూకుంటాడు? నువ్వు కూకుంటావా?" అని వాడి చేత ఒట్టు వేయించుకున్నాడు. మా అత్త ముక్కు చీదుకుంటూనే, "కూతుర్ని అత్తోరింటికి పంపినప్పుడు ఒక్క ముక్క సెప్పలేదు, గుర్రానికి మాత్రం బారతం సదూతన్నాడు" అంది.

తర్వాత కార్డు మీద కార్డు రాయించాడు. అన్నిట్లోనూ అదే గొయ్యి. మా ఇంట్లో అప్పుడు ఎవరికీ చదువు రాదు. రాయడానికీ చదవడానికీ బట్టల కొట్టు షావుకారే దిక్కు. ఆయన ఏ ఉత్తరమైనా పురాణం చెప్పినట్టు రాగం తీసి చదివేవాడు. మూడు వారాలకు జవాబు వచ్చింది. అరుగు మీద కూర్చుని షావుకారు అందుకున్నాడు: "తమరు కోరిన ప్రకారము గుంట పూడ్చినాము. ఇక తమకు చింత అక్కర లేదు..."

అంతే. మా మావ నెత్తి బాదుకున్నాడు. "ఓలమ్మ, నా గుంటని పూడ్సేసినారే! పూడ్సేసి సింత అక్కర్లేదంటాడేటి? నేను కోరినానా?" షావుకారుకీ కళ్ళనీళ్ళు తిరిగాయి. మిగతాది చదవడానికి నోరు రాక కార్డు మడిచి మావ చేతిలో పెట్టేశాడు. ఇంట్లో పొయ్యి వెలగలేదు. "గుర్రానికి మైలేటి, నవ్వుతారు" అన్న మా అత్తే అందరికంటే ముందు నూతి దగ్గరకెళ్ళి నెత్తి మీద నీళ్ళు పోసుకుంది. నేను పెరట్లో ఖాళీ గుంజ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఎంతసేపో తెలీదు.

మర్నాడు పొద్దున్నే మావ మద్రాసు బయలుదేరాడు. పూడ్చిన చోట వేయడానికి తువ్వాలంత తెల్లబట్ట, పసుపు కుంకాలు వెంట పెట్టుకున్నాడు. ఒంటరిగా పంపలేక అత్తా నేనూ చద్దిమూట పట్టుకుని స్టేషన్ దాకా వెళ్ళాం. టికెట్లిచ్చే బాబు నెల్లూరు వైపు మనిషి. మావ వాలకం చూసి సంగతేమిటని అడిగాడు. మావ కార్డు ఆయన చేతికిచ్చాడు. ఆయన రాగం తీయకుండా గబగబా చివరికంటా చదివాడు. చదివి, "గుర్రం పోయిందని ఎవరన్నారయ్యా?" అన్నాడు.

"మీరే సూడండి బాబూ, గుంటని పూడ్సేసినారు!"

"గుంటంటే గొయ్యి కదయ్యా! గొయ్యి పూడ్చారు. ఇదిగో, కింద రాశాడు. 'పూడ్చిన చోట ఇసుక పోయించినాము. గుర్రము అందులోనే దొర్లుచున్నది. కులాసా.'"

"మాకాడ గుంటంటే ఆడపిల్ల బాబూ" అన్నాడు మావ చిన్నగా. తర్వాత అక్కడే ప్లాట్‌ఫారం మీద చతికిలబడి, చద్దిమూట విప్పి, నిన్నటి నుంచి తిననిదంతా ఒక్కసారే తిన్నాడు. మా అత్త షావుకార్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

అయినా రైలెక్కాడు. కార్డు మాటా, బాబు మాటా కాదు, కళ్ళతో చూస్తేనే తృప్తి అన్నాడు. తెల్లబట్ట అత్త చేతికిచ్చి, బెల్లం కొనుక్కుని ఎక్కాడు. పది రోజులకు దిగుతూనే చొక్కా భుజం పక్కకు లాగి చూపించాడు. నాలుగు పళ్ళ గాటు. "ఇన్నాళ్ళూ రాలేదని కరిసినాదే గుంట! నన్ను మర్సిపోలేదు!" అని వీధంతా చూసేదాకా దానికి పసుపు కూడా పెట్టనివ్వలేదు.

పందెం గెలిచిందా అంటారేమో. ఒకసారి మూడోదిగా వచ్చింది. తర్వాత మా పెరట్లోకే వచ్చి, ముసలిదై, నా చేతి ఉలవలు తిని పోయింది. మావా పోయాడు. కార్డు మాత్రం నా పెట్టెలో ఉండిపోయింది. పలక మీద అక్షరాలు కుదిరాక నేను కూడబలుక్కుని చదివిన మొదటి ముక్క దాని చివరి మాటే, కులాసా. అప్పటికి గుర్రమూ లేదు, అది కులాసా అని ఎదురుచూసిన మనిషీ లేడు. అయినా పాతికేళ్ళ కిందటి ఆ కబురు నాకు అప్పుడే అందినట్టు, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.