పేరేసుకున్న కిటికీలు

కిటికీలు తెరుచుకోక పెళ్లి తప్పిపోబోయిన మగవాణ్ని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, మా ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడే.

రెండువేల అయిదారు నాటి సంగతి. మా అక్క మొగుడు, అంటే మా బావ, భద్రాచలం దగ్గర పేరున్న వడ్రంగి. నేను ఆయన దగ్గర పని నేర్చుకుంటూ, నేర్చుకోవడం ఎప్పుడో అయిపోయిందని అనుకుంటున్న రోజులవి. పినపాకలో ఒకాయన కొత్తిల్లు కట్టి, కిటికీ రెక్కలు మాకు అప్పగించాడు. ఆయన కూతురు సునీతను మావాళ్లు నాకడుగుతున్నారు. ముందు పని చూస్తాను, తర్వాత పిలగాణ్ణి చూస్తానన్నాడాయన.

మంచి ఎండల్లో బావ చట్రాలకు గాడి తీసి, మధ్యలో ఉబ్బెత్తుగా చెక్కిన టేకు పలకలు అందులో కూర్చాడు. వేలితో నొక్కి చూశాను. పలక కదిలింది. ఇంకోటి నొక్కాను, అదీ కదిలింది. గాడిలో సందు వదిలేశాడు, జిగురు లేదు, మేకు లేదు. అంత పనిమంతుడు ఇలా లొడలొడలాడే పని ఎందుకు చేస్తాడు? బాగా ఆలోచించాను. బావకు పెళ్లికాని తమ్ముడున్నాడు. అంతే, నాకు సర్వం తెలిసిపోయింది.

అడిగితే బావ తల కూడా ఎత్తలేదు. "వానలు పడనీ, నీకే తెలుస్తది" అన్నాడు.

ఇది బెదిరింపు కాకపోతే మరేమిటి? ఆ రోజు నుంచి ఆయన ఇప్పించిన చాయ్ కూడా వాసన చూసి తాగాను.

ఆయన వేరే పనిమీద పర్ణశాల వెళ్లగానే చట్రాలు విప్పి, సందుల్లో చెక్కపేళ్లు పెట్టి, జిగురు నింపి, మేకులు కొట్టి బిగించాను. ఈ ఘనత బావ కొట్టేస్తాడేమోనని బిగించిన ప్రతి రెక్క మీదా కాల్చిన మేకుతో నా పేరు రాశాను. చివరి కిటికీకి జిగురు చాల్లేదు. దాన్ని అలాగే వదిలేసి, అన్నీ తీసుకెళ్లి పినపాక ఇంటికి ఎక్కించేశాను.

ముహూర్తం మాట్లాడటానికి వెళ్లేనాటికి వానలు దంచుతున్నాయి. అందరం ముందుగదిలో కూర్చున్నాం. కరెంటు పోయింది. ఉక్క. ఇంటాయన కిటికీ తియ్యబోతే రాలేదు. పక్కదీ రాలేదు. పలకలు తేమ పీల్చి ఉబ్బి, చట్రాల మూలలు విచ్చి, రెక్కలు చౌకట్లలో ఇరుక్కుపోయాయి. నా అనుమానం ఇంకా గట్టిపడింది. బావ తమ్ముడి వైపు చూశాను. అమాయకంగా మిక్చరు తింటున్నాడు. దోషులెప్పుడూ అలాగే తింటారు.

అప్పుడు సునీత వచ్చి చివరి కిటికీని ఒక్క చేత్తో తోసింది. తెరుచుకుంది.

వాళ్ల నాన్న కిటికీ కిటికీకీ వంగి చదివాడు. "గిది వెంకన్న. గిది గూడ వెంకన్న." తెరుచుకున్నదాని దగ్గర ఆగాడు. "దీని మీద పేరే లేదు. ఎవరు జేసిండ్రు?"

"నేనే" అన్నాడు బావ. "చెక్క ఎండకు సన్నబడ్తది, వానకు లావైతది. మెసలనీకి సందుండాలె. వీనికి జెప్పిన, వానలు పడనీ అని."

నాకు చచ్చేంత సిగ్గేసింది. ఇక పిల్ల చేజారినట్టేననుకుని తలొంచుకున్నాను.

"తప్పు జేసి, దానిమీద పేరు గూడ రాసిచ్చేటోడు ఏడ దొరుకుతడు నాయ్నా" అంది సునీత.

ఆయన తెరుచుకున్న కిటికీని ఒకసారి మూసి, మళ్లీ తీసి చూశాడు. "పిల్లనిస్త. గానీ కిటికీలు మళ్ల మీ బావనే జెయ్యాలె."

ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను, ఒక వానాకాలం దాటకుండా దేనిమీదా నా పేరు వేసుకోనని. అంతెందుకు, మా పెళ్లిపత్రిక మీద కూడా వానలు వెనకబట్టాకే వేయించాను.