మేస్త్రమ్మ మరచిన మూడు సంచులు

తాపీ చేతబట్టిన ముప్పై యేళ్లలో మేస్త్రమ్మ ఏ ఇంటి గడప తొక్కినా, మొదట తలగుడ్డ కొసను ఎత్తిపట్టి, అది ఎటు ఊగుతుందో చూసి, ఆ తరువాతనే యజమానిని పలకరించేది. కొస కదలని ఇంటికి ఆమె పెట్టిన పేరు పెట్టె. నగరమంతా పెట్టెలమయమని ఆమె నిశ్చితాభిప్రాయం.

ఆమె భర్త ఫ్యాన్ల మెకానిక్. భార్య కట్టిన ఇళ్లవారు తన కొట్టు వైపు తొంగిచూడకపోవడం ఆయనకు తీరని బెంగ. ఆమె ఒక ఇల్లు ముగించిన ప్రతిసారీ, మరో గుమ్మం తనకు మూసేసిందని భోజనం వద్ద సణిగేవాడు. అద్దెకున్న తమ పెట్టెలో ఆయన బాగుచేసిన ఫ్యాను కిందే తాను ఉడికిపోతున్నానని ఆమె బదులిచ్చేది.

ఇంతలో కార్మికుల గృహసంఘం అరవై ఇళ్లు కట్టించ సంకల్పించింది. అందులో ఒకటి ఈ దంపతులది. కాంట్రాక్టరు కాంక్రీటు గోడలన్నాడు. మేస్త్రమ్మ ఇటుకలను నిలువుగా పేర్చి, నడుమ ఖాళీ వదిలిన గోడలతో ఒక నమూనా గది కట్టి చూపింది. నీడపడే సందు వైపు కింద గాలి చొరబడే చిల్లుల జాలీ, ఎదుటి గోడకు కప్పు దగ్గర మూడు వెంటిలేటర్లు, పైన తెల్లని సున్నం. మండే ఎండలో ఇంజినీరు, కాంట్రాక్టరు, సంఘం కార్యదర్శి పన్నెండు నుంచి మూడు వరకు తలుపు వేసుకుని అందులో కూర్చోవాలనీ, ఏ ఒక్కరు ఫ్యాను కావాలన్నా సాయంత్రానికి గది కూల్చి, అరవై ఇళ్లూ కాంక్రీటుతోనే కట్టాలనీ తీర్మానమైంది. ఆ ఫ్యాను కాంట్రాక్టరుకు అద్దెకిచ్చి, దానితో సహా గుమ్మం బయట నిలబడినవాడు సాక్షాత్తు ఆమె భర్త.

అరగంట గడిచింది. మేస్త్రమ్మ జాలీ దగ్గర తలగుడ్డ కొసను పట్టి చూసింది. కొస కదలలేదు. లోపల ఇంజినీరు కాలరు గుండీ విప్పాడు. ఇంకెందుకు సార్ ఈ శిక్ష అని కాంట్రాక్టరు తీయగా నచ్చజెబుతున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. నిన్న కప్పుకు సున్నం వేసేటప్పుడు లోపలికి చిందకుండా వెంటిలేటర్లలో ఖాళీ సిమెంటు సంచులు కుక్కిన సంగతి. తీయనే లేదు.

"నిచ్చెన పట్టుకో," అంది భర్తతో.

"ఈ పూట నేను కాంట్రాక్టరు మనిషినే."

"పూట గడిచాక ఎవరి మనిషివి?"

ఆయన ఫ్యానును గుమ్మం ముందు దించి నిచ్చెన పట్టుకున్నాడు.

మొదటి సంచితో పాటు సేరు సున్నం ఆయన నెత్తిన రాలింది. రెండోది మెత్తగా వచ్చింది. మూడోది బిగుసుకుంది. ఆమె ఒక కాలు ఆయన భుజాన వేసి గట్టిగా లాగగా, సంచీ, ఆమె, ఆయన, నిచ్చెన వరుసగా ఇసుకకుప్ప మీద పడ్డారు. లోపల గాలి ఒక్కసారిగా లేచింది. బల్లమీది కాగితాలన్నీ గిరగిర తిరిగాయి. కాంట్రాక్టరు తెచ్చిన కాంక్రీటు ఇంటి ప్లాను వెంటిలేటరు దాటి వచ్చి మెకానిక్ ఒళ్లో వాలింది.

తలుపు తెరుచుకుంది.

"తప్పు నాదే సార్," అంది మేస్త్రమ్మ, కనురెప్పల మీది సున్నం తుడుచుకుంటూ. "సంచులు మరిచిపోయాను."

పరీక్ష చెడిందని కాంట్రాక్టరు పట్టుబట్టాడు. ఇంజినీరు అతనివైపు చూడను కూడా చూడలేదు.

"మళ్లీ కుక్కండి," అన్నాడు.

కుక్కారు. లోపలివారికి చెమటలు పట్టాయి. లాగారు. గాలి వచ్చింది. రెండోసారి ఇంజినీరు స్వయంగా నిచ్చెన ఎక్కి, సంచీ లాగి, చిన్నపిల్లవాడిలా నవ్వాడు. తన వంతు ఏదని కార్యదర్శి అలిగాడు. మూడు కొట్టేసరికి తొమ్మిదిసార్లు కుక్కి, తొమ్మిదిసార్లు లాగారు. చివరిసారి నిచ్చెన పట్టుకున్నది కాంట్రాక్టరే. ఫ్యాను ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆ మాటే నివేదికలో రాసి, అరవై ఇళ్లూ ఇదే పద్ధతిలో మేస్త్రమ్మ చేతనే కట్టించవలసిందని ఇంజినీరు సంతకం చేశాడు.

అందరినీ సాగనంపి దంపతులు గుమ్మం దగ్గరికి తిరిగి వచ్చి చూస్తే, కరెంటు లేని ఫ్యాను తెరిచిన తలుపు ముందు జాలీ గాలికి మెల్లగా తిరుగుతోంది. మెకానిక్ దానిని ఆపబోయి, చేయి వెనక్కి తీసుకున్నాడు.

"చూశావా, ఉత్తినే తిరుగుతోంది," అన్నాడు.

"తిరగనీ," అంది మేస్త్రమ్మ. "మనింట్లో దానికి అంతకు మించి పనేముంటుంది?"