బొత్తాల డబ్బాలో లైబ్రరీ

మా మావయ్య లైబ్రరీలో అటెండరుగా చేసేవాడు. లైబ్రేరియన్ కాదు. ఈ ముక్క ఎవరూ అడక్కుండానే ఆయనే ముందు చెప్పేస్తాడు. లైబ్రేరియన్‌కి గది, ఫ్యాను, బల్ల మీద గంట ఉండేవి. మావయ్యకి తేదీ ముద్ర ఉండేది. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళాలంటే ఎంతటివాళ్ళయినా ఆ ముద్ర కోసం ఆయన ముందు నిలబడాల్సిందే కాబట్టి, లైబ్రరీ నడిపేది తనేనని మావయ్య నమ్మకం. లైబ్రేరియన్ కూడా ఎన్నడూ కాదనలేదు. ఆయన ఎక్కువగా నిద్రపోతూ ఉండేవాడట.

ఒకరోజు తలుపుకి 'మరమ్మతుల నిమిత్తం మూసివేయబడినది' అని బోర్డు తగిలించారు. మరమ్మతులకి ఎవరూ రాలేదు. కొన్నాళ్ళకి ఆ బోర్డే వెలిసిపోతే, దించి కొత్త రంగు వేయించి మళ్ళీ తగిలించారు. ఆ భవనానికి జరిగిన మరమ్మతు అదొక్కటే. మావయ్యని గడువు కన్నా ముందే రిటైర్ చేసి ఇంటికి పంపారు. తేదీ ముద్రని ఎవరూ తిరిగి అడగలేదు. ఆయనా ఇవ్వలేదు.

ఇల్లంటే ముందు గదిలో అత్త కుట్టు షాపు, వెనక గదిలో మేము. పదో తరగతి మధ్యలో నా చదువు ఆగినప్పటి నుంచి అత్త దగ్గరే ఉండి కాజాలు కుడుతున్నాను, బొత్తాలు వేస్తున్నాను. నా చోటు కటింగ్ బల్ల వెనక. అక్కడ కూర్చుంటే వచ్చేవాళ్ళకి నేను కనపడను, నాకు అందరూ కనపడతారు. నాకు అది బాగా నచ్చిన ఏర్పాటు.

మావయ్య షాపు మూలలో ఒక కుర్చీ వేసుకున్నాడు. పనిలేని మనిషి, ఊరికే కూర్చున్నా బాగుండేది. గుడ్డ తెచ్చిన ప్రతివాళ్ళనీ "ఈమధ్య ఏం చదువుతున్నారు?" అని అడిగేవాడు. చంకలో టేపు పెట్టించుకుని చేతులు బారచాపి నిలబడ్డ మనిషి ఆ ప్రశ్నకి ఏం చెప్తాడు? కొందరు సిగ్గుపడేవాళ్ళు. కొందరు గబుక్కున చేతులు దించేసేవాళ్ళు, కొలత తప్పిపోయేది.

"మీ ప్రశ్నలకి దడిసి జనం రెడీమేడ్ కొనుక్కుంటున్నారు," అనేది అత్త.

వీధిలో కేబుల్ టీవీ నడిపే ఆయన అత్తని అక్కా అంటాడు. ఆ లెక్కన మావయ్యకి బావమరిది, సాయంత్రం టీ కూడా ఆ లెక్కలోనే. నాకు 'సైలెంట్ మోడ్' అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఒకసారి టీ తాగుతూ ఏదో మాటవరసకి అన్నాడు: "నెట్ లేకపోయినా వైఫై పెట్టొచ్చు బావా. పాత రౌటరు, ఒక పెన్‌డ్రైవు చాలు. దగ్గరికొచ్చిన వాళ్ళ ఫోన్లలోకి పుస్తకాలు ఎక్కించుకోవచ్చు."

ఆ మాటకి మావయ్య టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆరోజు నుంచి కేబులాయన మా షాపు ముందు నుంచి వెళ్ళాలంటే బండి వేగం పెంచేవాడు. అయినా పాత రౌటరు ఇవ్వక తప్పలేదు.

ఆ మూలలో ఉన్నది ఒకటే ప్లగ్ పాయింటు. మావయ్య రౌటర్లోకి కొత్త ప్రోగ్రాము ఎక్కిస్తుండగా అత్తకి ఇస్త్రీ అవసరమైంది. ప్లగ్గు పీకి ఇస్త్రీ పెట్టె పెట్టింది. రౌటరు అక్కడికక్కడే పోయింది.

"నేనేం చేశాను? ప్లగ్గేగా పీకింది," అంది అత్త.

"ఆపరేషన్ మధ్యలో లైటు తీసేసి అలాగే అంటారు."

కేబులాయన దగ్గర పట్టుబట్టి తెచ్చిన రెండో రౌటరు బతికింది. దానికి దుమ్ము పట్టకూడదని మావయ్య ఒక బిస్కట్ల రేకు డబ్బాలో పెట్టి మూత బిగించాడు. ఫోను పట్టుకుని వీధిలోకి వెళ్ళాడు. ఏమీ రాలేదు. లోపలికొచ్చి మూత తీసి చూస్తే అన్నీ వస్తున్నాయి. మూత పెట్టి బయటికెళ్తే లేదు. ఇలా తిరిగి తిరిగి, మూత తీస్తే సిగ్గుపడని, మూత పెడితే సిగ్గుపడే యంత్రమని తేల్చాడు. నాకు దాని మీద అభిమానం కలిగింది.

"రేకు డబ్బాలో బిగిస్తే సిగ్నలు ఎలా వస్తుంది బావా? ప్లాస్టిక్ డబ్బా చూడు," అన్నాడు కేబులాయన.

ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బా అత్త బొత్తాల డబ్బా. ఆవిడ గుడ్డ కొనడానికి వెళ్ళి వచ్చేసరికి బొత్తాలన్నీ కాగితం పొట్లాల్లో డ్రాయర్లో ఉన్నాయి, డబ్బాలో పచ్చ లైటు మిణుకుమంటోంది. ఆ పూట అత్త ఏమందో రాయను.

రాసినవాళ్ళు పోయి చాలాకాలమైతే పుస్తకాల మీద హక్కులు తీరిపోతాయట. అవి ఎవరైనా పంచుకోవచ్చు. మావయ్య నెట్ సెంటరులో కూర్చుని అలాంటివన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించుకొచ్చాడు. ఫోన్లలో 'ఉచిత గ్రంథాలయం' అని కనిపించేలా పెట్టాడు. పాస్‌వర్డు లేదు. పాస్‌వర్డు లేని వైఫై వచ్చిందని తెలియగానే వీధి వీధంతా మా గుమ్మంలోకి వచ్చింది.

"మీ నెట్ తిరగట్లేదండీ."

"నెట్ కాదండీ, పుస్తకాలు."

"పుస్తకాలు సరే. నెట్ ఎప్పుడొస్తుంది?"

ఒక్క మందుల షాపాయన మాత్రం నెట్ ఊసెత్తలేదు. గుమ్మంలో నిలబడి పుస్తకాలన్నీ, అంటే నిజంగానే అన్నీ, ఫోన్లోకి లాగేసుకున్నాడు. మావయ్య మొహం వెలిగిపోయింది. కొన్నాళ్ళాగి వెళ్ళి అడిగాడు, ఏది చదివారని.

"తొందరేముందండీ? అన్నీ మన దగ్గరే ఉన్నాయిగా."

మావయ్య తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నేళ్ళలో పుస్తకం చించినవాళ్ళని చూశాడు, పారేసినవాళ్ళని చూశాడు. తిరిగి రానవసరమే లేనివాణ్ణి మొదటిసారి చూశాడు.

అత్త కత్తెర ఆపి సూటిగా చెప్పింది. "వచ్చే నెల ఓవర్‌లాక్ మెషిన్ వస్తోంది. అంచులు కుట్టడానికి ఇంకా ఎంతకాలం పక్క వీధికి పంపను? దానికి ఈ మూల తప్ప చోటు లేదు. అప్పటికి మీ డబ్బా కోసం మనుషులు వస్తూ పోతూ ఉంటే చూద్దాం. లేకపోతే డబ్బా అటక మీదికి, కుర్చీ వెనక గదిలోకి."

మా ఇంట్లో అటకెక్కినది ఏదీ కిందికి దిగిన దాఖలా లేదు. మావయ్యకి ఆ సంగతి తెలుసు. వెనక గదిలో కుర్చీ వేసుకున్న మనిషిని ఎవరూ వచ్చి ఏమీ అడగరని కూడా తెలుసు.

అప్పుడాయన చేసిన పని లైబ్రరీలో ముద్ర వేసి వేసి అలవాటైన మనిషి తప్ప ఇంకెవరూ చేయరు. డబ్బాలో రెండు అరలు చేశాడు. ఒకదాని పేరు 'లోపల', రెండోదాని పేరు 'బయట'. ఒక పుస్తకం ఒకరు తీసుకోగానే పాత లాప్‌టాప్‌లో కూర్చుని దాన్ని 'బయట' అరలోకి నెట్టి తాళం వేసేవాడు. ఇక అది ఇంకెవరికీ కనపడదు. రెండు వారాలు గడువు. తిరిగివ్వడం అంటే, మనిషి స్వయంగా వచ్చి, మావయ్య చూస్తుండగా, ఫోన్లోంచి ఆ పుస్తకం చెరిపెయ్యాలి. అప్పుడాయన కళ్ళజోడు సర్దుకుని "జమ" అనేవాడు. పుస్తకం మళ్ళీ లోపలికి వచ్చేది.

కేబులాయన నెత్తి కొట్టుకున్నాడు. "బావా, అది ఫైలు! ఒకళ్ళకిచ్చినా నీ దగ్గర నీది ఉంటుంది. ఊరందరికీ ఒకేసారి ఇవ్వొచ్చు."

"ఇస్తే?"

"అందరి దగ్గరా ఉంటుంది."

"మందుల షాపాయన దగ్గరుంది. చదివాడా?"

కేబులాయన నా వైపు చూశాడు. నేను సూదిలో దారం ఎక్కించుకుంటున్నాను.

విచిత్రం ఏమిటంటే, ఒకరిద్దరు రావడం మొదలుపెట్టారు. 'బయట ఉంది' అనగానే మనిషికి అది కావాలనిపిస్తుందనుకుంటాను. మూడు భాగాల పాత డిటెక్టివ్ నవల ఒకటుంది. దాని మొదటి భాగం సెలూనాయన పూర్తిచేసి, సబ్బు చేతులతోనే రెండో భాగం కోసం వచ్చాడు.

"బయట ఉంది," అన్నాడు మావయ్య.

"ఎవరి దగ్గర?"

"అది చెప్పకూడదు."

"స్కూలు వ్యాను నడిపే ఆవిడ దగ్గరేగా? బడి గేటు ముందు వ్యానాపుకుని ఒకటే చదువుడు. అడిగితే తర్వాత ఎవరు చస్తారో చెప్పేస్తానని బెదిరిస్తోంది మాస్టారూ!"

"గడువు దాకా ఆగాలి."

"సగం గడ్డం గీసి ఒకాయన్ని కూర్చోబెట్టొచ్చాను. ఆయన ఆగట్లేదూ? నాకు తప్పుతుందా!" అని గొణుక్కుంటూ వెళ్ళాడు.

కానీ వచ్చేవాళ్ళు అంతే, వేళ్ళ మీద లెక్క. అత్త టేపు తెచ్చి మూల పొడవూ వెడల్పూ కొలిచేది. కొలిచిందే మళ్ళీ కొలిచేది. మెషిన్ వచ్చే రోజు దగ్గరపడ్డాక మావయ్య ధైర్యం సడలింది.

"అక్కకి జనం కావాలి, అంతేగా? నియమాలు ఎత్తెయ్ బావా. అందరికీ అన్నీ. జనాన్ని నేను తెస్తాను," అన్నాడు కేబులాయన. తెచ్చాడు కూడా. లోకల్ ఛానల్లో సినిమా కింద అక్షరాలు పరిగెత్తించాడు.

మా షాపు అంత కిక్కిరిసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. మావయ్య తాళాలన్నీ తీసేశాడు. ఎవరికి కావలసింది వాళ్ళు ఎత్తుకుపోయారు. సెలూనాయన మూడు భాగాలూ ఒకేసారి తీసుకుని, నిజం చెప్పాలంటే, కాస్త దిగాలుగా వెళ్ళాడు. సందట్లో ఎవరో చొక్కా గుడ్డ తొక్కారు. జనం సర్దుకున్నాక కేబులాయన చేతులు దులుపుకుని, "చూశావా అక్కా!" అన్నాడు.

"చూశాను. ఒక్కరు కూర్చున్నారా?" అంది అత్త.

మర్నాడు ఎవరూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఎందుకొస్తారు? అన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఓవర్‌లాక్ మెషిన్ మాత్రం చెప్పిన రోజుకి చెప్పినట్టు వచ్చింది. డబ్బా అటకెక్కింది. అత్త ఎక్కించలేదు, మావయ్యే స్టూలేసుకుని ఎక్కించి, కుర్చీ తనే వెనక గదిలోకి మోసుకెళ్ళాడు. అత్త కొత్త మెషిన్ మీద ఒక అంచు కుట్టి, బాగా వచ్చిందని ఎవరికి చెప్పాలో తెలియక నాకు చూపించింది. మందుల షాపాయన ఫోను నిండిపోయి, మనవడి వీడియో పట్టడం లేదని పుస్తకాలన్నీ తుడిచేశాడట. అది మావయ్యకి ఎవరం చెప్పలేదు.

అలా ఉండగా వ్యాను నడిపే ఆవిడ వచ్చింది. బడికి సెలవులిస్తే ఊరెళ్ళిందట. ఛానల్లో పరిగెత్తిన అక్షరాల సంగతి ఆవిడకి తెలియదు.

"పుస్తకం ఇవ్వాలండీ. గడువు ఇవాళ్టితో అయిపోతుంది," అంది.

"అదంతా తీసేశామమ్మా. నీ దగ్గరే ఉంచుకో," అంది అత్త మెషిన్ ఆపకుండా.

"ఉంచుకోవడమేంటండీ? నాది కాదుగా." ఆవిడ మూల వైపు చూసింది, మెషిన్ని చూసింది. "మాస్టారు లేరా? ఆయన చూస్తుండగా తీసెయ్యాలి కదా."

"ఆయన చూడకపోతే పోదా ఏంటి? నువ్వే నొక్కెయ్."

"భలేవారే! నేను నొక్కేస్తే ఇచ్చినట్టు ఎలా అవుతుంది?"

మెషిన్ ఆగింది. అత్త ఆవిడని అలాగే చూసింది, కొలత దొరకని మనిషిని చూసినట్టు. తర్వాత మెడలో టేపు సర్దుకుని వెనక్కి కేకేసింది. "ఏవండీ! మీ కోసం వచ్చారు."

మావయ్య కళ్ళజోడు లేకుండానే వచ్చాడు. ఆవిడ ఫోను ఆయన మొహం దగ్గర పెట్టి, పుస్తకం చూపించి, చెరిపేసింది. "చూశారుగా?"

ఆయనకి ఏమీ కనపడి ఉండదు. అయినా తలాడించి, "జమ," అన్నాడు.

"మూడో భాగం లోపలుందా?"

మావయ్య అటక వైపు చూశాడు, అక్కణ్ణించి అత్త వైపు చూశాడు. అత్త నా వైపు చూసింది.

"ఏమే, చూస్తావేం? స్టూలు తే."

డబ్బా దించి దుమ్ము తుడిచాను. మూలలో ప్లగ్ పాయింటు ఒకటే. అత్తే మెషిన్ ప్లగ్గు పీకి, "నేను గుడ్డలు కత్తిరించుకునేంతసేపు పెట్టుకోండి. మళ్ళీ నాకు కుట్టుకునే పనుంది," అంది. మావయ్య కుర్చీ తెచ్చుకున్నాడు. మూలలో పట్టక గుమ్మం పక్కన వేసుకున్నాడు.

ఇప్పుడు మా లైబ్రరీకి వేళలున్నాయి. అత్త కత్తెర పడితే తెరుస్తాం, మెషిన్ పెడితే మూస్తాం. 'లోపల', 'బయట' మళ్ళీ వచ్చాయి. సెలూనాయన తన దగ్గరున్న మూడు భాగాలూ జమ చేసి, రెండోది పద్ధతిగా తీసుకున్నాడు. మెషిన్ నడుస్తున్నప్పుడు వస్తే గుమ్మంలో కూర్చుంటాడు.

"ఇంకా ఎంతసేపమ్మా?"

"ఈ చొక్కాలయ్యేదాకా. ఈలోగా ఆ చిరిగిన జేబు ఇటివ్వండి, కుట్టేస్తాను."

మొన్న కేబులాయన ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు పట్టుకొచ్చాడు. "ఇదిగో అక్కా, నాలుగు ప్లగ్గులు. మెషినూ డబ్బా రెండూ ఒకేసారి నడుస్తాయి. ఎవరూ కాచుక్కూర్చోనక్కర్లేదు."

మావయ్య మొహం పాలిపోయింది. గుమ్మంలో కూర్చున్న వ్యాను ఆవిడ కూడా తలెత్తింది.

"ఎంత మంచివాడివి తమ్ముడూ," అంది అత్త. బోర్డు అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, బొత్తాల డ్రాయర్లో పొట్లాల కింద పెట్టింది.

"సైలెంట్ మోడ్, అక్క మర్చిపోతే గుర్తుచెయ్," అన్నాడాయన నాతో.

నేను తలూపాను. బోర్డు తీగ అడ్డం పడి డ్రాయరు సరిగా మూసుకోలేదు. తీగ లోపలికి తోసి, నేనే మూశాను.