మేడమీది మడి

పోయిన వారం నీళ్ల ట్యాంకు మార్చడానికి వచ్చిన ప్లంబరు మెట్ల మొదట్లో నిలబడి, "మేడమ్, ఈ కొళాయి ఈడెందుకుండాది? దారికడ్డం. పీకేద్దామా?" అని అడిగాడు. నిజమే, చూసేవాళ్లకు దానికి అర్థం ఉండదు. వాకిట్లో ఒక కొళాయి ఉండగానే, నాలుగడుగుల దూరంలో మొదటి మెట్టు పక్కన ఇంకొకటి, దాని కింద జానెడు గచ్చు. పైకెక్కేవాళ్ల చీర కుచ్చిళ్లు దానికి తగలక మానవు. ఉండనీ అన్నాను. అతను పని ముగించుకుని వెళ్లేదాకా నాకు ఇంకే పనీ తోచలేదు. ఆ కొళాయి పెట్టించింది మా అత్తగారు.

మా అత్తగారి మడి గురించి కర్నూలు బుధవారపేటలో తెలియనివాళ్లు తక్కువ. తెల్లారకముందే తలస్నానం, ఎత్తుగా కట్టిన దండెం మీంచి కర్రతో తీసుకున్న చీర, ఆ తర్వాత వంట ముగిసేదాకా ఆమె దగ్గరికి ఎవరూ పోకూడదు. పాలవాడు దూరం నుంచే పాలు పోయాలి. కూరగాయలు రెండుసార్లు కడగాలి. మేడమీద ఉన్న ఒక్క గదీ ఆమె మడిబట్టలకూ ఊరగాయ జాడీలకూ రాసిచ్చినట్టే. నేను స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. పెళ్లయిన కొత్తలో సుద్దముక్క అంటిన చేత్తో వంటింటి గడప పట్టుకున్నానని ఆ గడపను నా చేతే కడిగించింది. మా ఆయన బస్టాండులో కంట్రోలరు. జిల్లాలోని దుమ్మంతా సాయంత్రానికి ఆయన చొక్కా మీద చేరుతుందని ఆమె నమ్మకం. అందుకని కన్నకొడుకైనా సరే, వాకిట్లో రెండు చెంబులు పోసుకుంటే తప్ప లోపలికి రానిచ్చేది కాదు. ఇంత మడి కట్టుకుని ఈమె ఎవరిని ఉద్ధరిస్తుందో అని నేను లోలోపల విసుక్కున్న రోజులు బోలెడు.

ఎనిమిదేళ్ల కిందట, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం మొగుడూ పెళ్లామూ వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఆమె భుజం మీద ఐదేళ్ల పాప. పాప తలకు కట్టిన గుడ్డ జారిపోయి ఉంది, ఒక్క వెంట్రుక లేదు. వాళ్లది జమ్మలమడుగు దగ్గర ఒక నేతపల్లె. అతను మగ్గం మీద నూలు చీరలు నేస్తాడు, ఆమె నూలు చుట్టి ఇస్తుంది. కొన్ని నెలల ముందు పాప మోకాళ్లు నొప్పులని ఏడవడం మొదలుపెట్టిందట. తర్వాత జ్వరం వచ్చి వదల్లేదు, ఒంటి మీద నల్లమచ్చలు తేలాయి. కడపలో డాక్టరు రక్తపరీక్ష చూసి కర్నూలు పొమ్మన్నాడు. రక్తంలో క్యాన్సరని ఇక్కడ తేలింది. మందులు రేషను కార్డు మీద ఉచితంగా ఇస్తున్నారు, దానికి బాధ లేదు. కష్టమంతా ఉండే చోటుతోనే వచ్చింది. ఒక విడత మందు ఎక్కించి ఇంటికి పంపిస్తారు, మళ్లీ కొన్నాళ్లకు రమ్మంటారు. మధ్యలో జ్వరం వస్తే గంటలోపు ఆసుపత్రిలో ఉండాలి. వాళ్ల ఊరి నుంచి కోయిలకుంట్ల, నంద్యాల మీదుగా బస్సులో రావడానికి సగం పూట పడుతుంది. ఆసుపత్రికి దగ్గరగా, పొయ్యి పెట్టుకునే వీలున్న ఒక శుభ్రమైన గది కావాలి. రెండు వీధులు తిరిగి వచ్చారు. పాప తల చూసి ఎవరూ ఇవ్వలేదు.

నేను ఏదో చెప్పబోయే లోపలే వంటింట్లోంచి మా అత్తగారి గొంతు వచ్చింది. "ఎవురే వాళ్లు?" చెప్పాను. ఆమె గడప దాకా వచ్చి, అక్కడే ఆగి, కొంగు దగ్గరికి లాక్కుని, "అంటుకునే జబ్బేమో కనుక్కున్నావా?" అంది.

జవాబు ఆ తల్లే చెప్పింది. కోపం లేదు, దీనంగానూ లేదు, ఆసుపత్రిలో నేర్పింది అప్పజెప్పినట్టు చెప్పింది. "మా బిడ్డ నుంచి మీకేమీ అంటుకోదు పెద్దమ్మా. మీ నుంచే మా బిడ్డకు అంటుకుంటాదంట. కాళ్లు చేతులు కడుక్కోకుండా ఎవుర్నీ దగ్గరికి రానియ్యొద్దన్నాడు డాక్టరు. నీళ్లు కాంచి సల్లార్చి తాపల్ల. పొద్దున వండింది మాపటికి పెట్టగూడదు."

డెబ్భై రెండేళ్ల జీవితంలో మా అత్తగారు ఎంతోమందిని దూరంగా ఉండమని చెప్పింది. నువ్వే మాకు దూరంగా ఉండాలని ఆమెతో ఎవరైనా అనడం అదే మొదటిసారి. ఆమె పట్టుకున్న కొంగు వదిలేసి, "పొద్దునది మాపటికి పెట్టేది ఈ ఇంట్లో నేను కాపురానికొచ్చినప్పటి నుంచీ లేదు. పైకి పోయి గది చూసుకోపో" అంది.

ఆ సాయంత్రమే జాడీలు కిందికి దిగాయి. గదికి సున్నం కొట్టించింది. వాకిట్లో కొళాయి దగ్గర కడుక్కున్న కాళ్లు మెట్ల దాకా నడిచేసరికి మళ్లీ మైల పడతాయని లెక్కకట్టి, మెట్టు దగ్గరే ఇంకో కొళాయి పెట్టించింది. పాప తండ్రి మగ్గం వదిలి ఉండలేక ఊర్లోనే ఉండి ఆదివారం ఆదివారం వచ్చేవాడు. అతను వచ్చీరాగానే బిడ్డ కోసం మెట్లెక్కబోతే మా అత్తగారు మెట్లకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చునేది. "దారిలో ఓర్వకల్లు రాళ్ల దుమ్మంతా నీ నెత్తినే ఉండాది. పోసుకుని పోప్పా." అతను తలవంచుకుని వాకిట్లో పోసుకునేవాడు. ఇన్నేళ్లకు తనకొక తోడు దొరికినందుకు మా ఆయన సంతోషం దాచుకోలేక, వెళ్లి అతనికి తువ్వాలు అందించేవాడు.

కొన్ని మందులకు పాపకు ఆకలి విపరీతంగా వేసేది. మొహం గుండ్రంగా ఉబ్బి, తిన్న గంటకే మళ్లీ తిండి కోసం ఏడ్చేది. ఆ ఏడుపులో ఎక్కువగా వినబడే మాట ఉగ్గాని. వాళ్ల ఊర్లో హోటలు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా తండ్రి కొనిపెట్టేవాడట. బయటిది పెట్టకూడదు. మా అత్తగారు హోటలు తిండి పేరెత్తితే మొహం చిట్లించే మనిషి. ఆమె బొరుగులు తెప్పించి, ఏరి, బాణలిలో వేడిచేసి, కాచి చల్లార్చిన నీళ్లలో తడిపి, పాప తినలేదని కారం వెయ్యకుండా ఉగ్గాని చేసింది. పాప ఒక ముద్ద తిని, "బజ్జి యాది?" అని అడిగింది. మర్నాటి నుంచి బజ్జి కూడా వచ్చింది. నాకు పెళ్లయ్యాక మా వంటింట్లో అడిగిన వెంటనే అడిగింది దొరికిన మనిషి ఆ పిల్ల ఒక్కతే. పైగా అజమాయిషీ ఒకటి. గిన్నె పట్టుకుని మా అత్తగారు మెట్లెక్కి రాగానే మంచం మీంచి, "అవ్వా, చేతులు కడుక్కున్న్యావా?" అని గదమాయించేది. మా అత్తగారు గిన్నె కింద పెట్టి, రెండు చేతులూ అటూ ఇటూ తిప్పి చూపించేది. ఆ దృశ్యం చూడటానికి మా ఆయనా నేనూ పనులు మానుకుని మెట్ల కింద నిలబడేవాళ్లం.

అన్ని రోజులూ అలా గడవలేదు. తొలకరి పడిన వారంలో పాపకు జ్వరం వచ్చింది, ముక్కులోంచి రక్తం కారడం మొదలైంది. తల్లి ఆసుపత్రికి ఎత్తుకుపోయింది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, వెంటనే ఎక్కించాలన్నారు. పాపది ఓ నెగెటివ్. ఆ గుంపు రక్తం ఇచ్చేవాళ్లు ఆ రోజు ఎవరూ దొరకలేదు. తల్లిది వేరే గుంపు. తండ్రి ఊర్లో బస్సెక్కాడు గానీ అతనిదీ వేరే గుంపే. ఆమె నాకు ఫోన్ చేసి, "అక్కా, ఎవుర్నన్నా అడగండక్కా. నాకీ ఊర్లో మీరు తప్ప ఎవురూ తెలీదు" అంది. నేను మా స్కూల్లో అందరినీ అడిగాను, లేరు. మా ఆయనకు ఫోన్ చేశాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఎవరి అనుమతీ అడక్కుండా మైకు అందుకున్నాడట. "ప్రయాణికులకు మనవి. కోయిలకుంట్ల పోవు బస్సు ఐదో ప్లాట్‌ఫారం మీద సిద్ధముగా ఉన్నది. ఓ నెగెటివ్ రక్తము గలవారు కంట్రోలు రూముకు రావలెను. ఐదేండ్ల పాపకు అత్యవసరము." రెండు బస్సులకొకసారి అదే చెప్పాడు. తర్వాత పై అధికారి సంజాయిషీ అడిగాడు. ఈయన రాసిచ్చాడు. ఆ కాగితం ఏమైందో మాకు మళ్లీ తెలియలేదు.

చాలాసేపటికి నడివయసు రైతొకడు కంది విత్తనాల మూటతో వచ్చాడు. భార్య కాన్పప్పుడు పరీక్ష చేస్తే తనది ఆ గుంపేనని తెలిసిందట. "వాన పడింది సామీ, రేప్పొద్దున విత్తాల. శానా సేపు పడతాదా?" అని అడిగాడు. "రెండు మూడు గంటలు పడతాదప్పా. అబద్ధమెందుకు చెప్పల్ల? ఈ బస్సు నీకు దొరకదు" అన్నాడు మా ఆయన. అతను కదులుతున్న కోయిలకుంట్ల బస్సును చూసి, మూట దించి, "భూమి యాడికి పోతాది? ఎల్లుండి విత్తుకుంటా. పాండి" అన్నాడట. పరీక్షలూ అవీ అయ్యి, పొద్దు గూకేముందు పాపకు ప్లేట్‌లెట్లు ఎక్కాయి, రక్తం ఆగింది. జ్వరం తగ్గడానికి ఇంకో ఆరు రోజులు పట్టింది. ఆ రాత్రి రైతును మా ఆయన ఇంటికి తీసుకొస్తే, మా అత్తగారు విస్తరి వేసి తనే వడ్డించింది. కాళ్లు కడుక్కున్నావా అని అతన్ని అడగలేదు. నేను గమనించాను.

ఆసుపత్రిలో పక్కమంచం పిల్ల ఒకతె పాపకు జత. ఇద్దరూ గోడ మీద బొట్టుబిళ్లలు అతికించేవారు. ఒక విడతకు వెళ్లినప్పుడు ఆ మంచం మీద వేరే ఎవరో ఉన్నారు. పాప తల్లి ఆ సంగతి పాపకు చెప్పలేదు, మాకు చెప్పింది. ఆ రోజు మా అత్తగారు వంట చేసింది గానీ తినలేదు. మర్నాడు పైగదిని మళ్లీ కడిగించింది. అంతకంటే ఆమె చేతిలో ఉన్నదేమిటి?

రెండున్నరేళ్లకు మందులు ఆపారు. అప్పటికి పాపకు జడ వెయ్యడానికి సరిపడా జుట్టు వచ్చింది. వెళ్లేరోజు తండ్రి తను నేసిన చీర తెచ్చి మా అత్తగారి ముందు పెట్టాడు, చేతికివ్వకుండా, ఆమె పద్ధతి తెలిసినవాడు కాబట్టి. ఆమె దాన్ని తడిపి ఆరేసి మర్నాటి వంటకు అదే కట్టుకుంది. వాళ్లు వెళ్లేటప్పుడు మాత్రం బయటికి రాలేదు. ఆ తర్వాత కరోనా వచ్చి ఊరంతా చేతులు కడుగుతుంటే, ఈమె అరుగు మీద కూర్చుని, ఆలస్యంగా బడికొచ్చిన పిల్లల్ని చూసినట్టు చూసేది. మరో రెండేళ్లకు నిద్రలోనే పోయింది. పాప తల్లీ తండ్రీ వచ్చి పదోరోజు దాకా ఉండి, ఇంటి మనుషుల్లా అన్ని పనులూ చేశారు.

రెండు నెలల కిందట ఏడాదికోసారి చేయించే పరీక్షకు వచ్చి, తల్లీ కూతురూ మా ఇంటికొచ్చారు. రిపోర్టు నా చేతికిచ్చారు, అన్నీ బాగున్నాయి. పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి, నా భుజం దాటింది. మేడమీద గదిలోకి తీసుకెళ్లి, గుర్తుందా అని అడిగాను. చుట్టూ చూసి, కాస్త మొహమాటపడి, "లేదు పెద్దమ్మా. అమ్మ చెప్తాంటే వినింటి" అంది. అవ్వ? ఉగ్గాని? ఏవీ లేవు. కిటికీ దగ్గర ఫోన్‌కు సిగ్నలు బాగుందని మాత్రం మెచ్చుకుంది. తల్లి ఆ పక్కనే నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. నేను కూడా ముందు కొంచెం నొచ్చుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, అలా జరగడమే మంచిదనిపించింది. ఆ రెండున్నరేళ్లనూ కాలం ఆ పిల్ల దగ్గర్నుంచి పూర్తిగా తీసేసుకుని, మొయ్యగలిగిన పెద్దవాళ్లం కదా అని మాకప్పగించి, ఆమెను ఎనిమిదో తరగతికి పంపించింది.