ఆదివారం ఆలస్యంగా లేచే చెట్లు

తొంభైల చివర్లో నా పీహెచ్‌డీ అంతా వర్తూరు చెరువులో కలిసే ఒక సన్నటి వాగు మీద ఆధారపడి ఉండేది. అది నీలగిరి తోపులోంచి వచ్చేది. కాగితాల్లో ఆ తోపు పేరు అడవి. ఆ అడవి వాననీటిని ఎలా దాచుకుని వాగుకు ఎలా వదులుతుందో తేల్చడం నా పని. నీటిమట్టం పెరిగినా తగ్గినా కాగితం మీద గీత గీసే యంత్రాన్ని గట్టున పెట్టాను.

నడివేసవిలోనూ వాగు ఎండలేదు. రోజూ పొద్దున ఏడింటికి నీళ్ళు పెరిగేవి, మధ్యాహ్నానికి తగ్గేవి. కోలారు వైపు తెలుగాయన మా గైడుగారు. ఎండలో నిలబడటం ఆయన ఒంటికి పడదు. ఫ్యాను కింద కూర్చుని గీత చూసి మురిసిపోయారు.

"రాత్రిపూట చెట్లు నీళ్ళు తాగవు కదప్పా. అందుకే తెల్లారేసరికి వాగు నిండుతుండాది. ఎంత బాగుండాదో చూడు."

"వాసన వస్తోంది సార్."

"ఆకులు కుళ్ళితే రాదా?"

బాగానే ఉంది. కాకపోతే ఆదివారాలు మాత్రం నీళ్ళు పదింటికి పెరిగేవి.

"ఆదివారం చెట్లు ఆలస్యంగా లేస్తాయా సార్?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "మిషన్‌దే తప్పు. ఆదివారాలు తీసెయ్. డిగ్రీ కావల్లనా, వద్దా నీకు?"

కావాలి. ఉద్యోగం ఎప్పుడని ఇంట్లో అడిగీ అడిగీ విసిగిపోయారు. అయినా తీసేయడానికి మనసొప్పలేదు. తర్వాతి ఆదివారం వాగు వెంబడి పైకి నడిచాను. తోపు దాటగానే కొత్త అపార్టుమెంట్లు, వాటి వెనక వాగులోకి వంగిన లావుపాటి గొట్టం. పది కాగానే అందులోంచి షాంపూ నురగ దూకింది. ఇంతకాలం నేను కొలిచింది ఊరి తలస్నానాలు. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

ఆదివారాలతో సహా అంతా రాశాను. థీసిస్ పేరులోంచి అడవి పోయి మురుగునీరు వచ్చింది. వైవా రోజున గైడుగారు పరీక్షకుడితో, "నాకు మొదట్నుంచీ డౌటే ఉండె" అన్నారు. డిగ్రీ వచ్చింది.

కొన్నేళ్ళకు తోపు కొట్టేసి అక్కడా అపార్టుమెంట్లు లేపారు. గేటు మీద పేరులో మాత్రం అడవిని ఉంచారు. అప్పు చేసి నేనూ అందులో ఒక ఫ్లాటు కొన్నాను. గొట్టం ఎటు పోతుందని బిల్డరును అడగలేదు, నాకు తెలుసు.

ఆదివారం నేను లేచేసరికి తొమ్మిదిన్నర. పదింటికి తలస్నానం.